పచ్చ చున్నీ ఫోల్డరు

"ఈ పేరు ఎవరు పెట్టిండ్రు?"

సువార్త గొంతు పెద్దదేం కాదు. అయినా నెట్ సెంటర్‌లో కంప్యూటర్ల ముందున్న వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. వెనక స్టూలు మీద కూర్చున్న ఆమె తల్లి జానమ్మకు గుండె జారి అరికాళ్ళలోకి వచ్చింది. కూతురి చేతికి కరెంటు తగిలిందనుకుందామె. ఆ గదిలోకి వచ్చిన మొదటి రోజు నుంచీ ఆమె ఎదురుచూస్తున్నది దాని కోసమే.

కరెంటు కాదు. తెర మీద ఎడమ పక్కన ఒక వరుస కనిపిస్తోంది. క్రికెట్ సార్. దుబాయ్ మామ. లా చదివే అన్న. వాటి కింద, పచ్చ చున్నీ.

సువార్త తన భుజం మీది చున్నీని ఒకసారి చూసుకుంది. అది పచ్చదే.

కౌంటర్ దగ్గరి కుర్రాడు లేచి వచ్చాడు. పేరు సైదులు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. నడిచేటప్పుడు కూడా ఏదో విరిగిపోతుందేమో అన్నట్టు జాగ్రత్తగా అడుగు వేస్తాడు. అందరూ దాచుకున్న పేజీలు, అవే ఫేవరెట్లు, ఒకే కుప్పగా పడి ఉంటే వెతుక్కోలేక మనుషులు తిప్పలు పడుతున్నారనీ, అందుకని నిన్న సాయంత్రం కూర్చుని ఎవరివి వాళ్ళకు సర్దిపెట్టాననీ చెప్పాడు. పేరు తెలిసిన వాళ్ళకు పేరు పెట్టాడట. తెలియని వాళ్ళకు కంటికి కనిపించింది పెట్టాడట.

"రేపు ఎర్రది వేసుకొస్త. అప్పుడేం చేస్తరు?"

"పేరు చెప్పుండ్రి, మారుస్త."

సువార్త నోరు తెరిచేలోపే జానమ్మ వెనక నుంచి దగ్గింది. ఆ దగ్గుకు అర్థం కూతురికి చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆడపిల్ల పేరు నలుగురు తిరిగే చోట రాసి పెట్టకూడదు. రైలు డబ్బాల్లో, సినిమా హాలు గోడల మీద పేర్లు రాసి పెట్టడం జానమ్మ చూసింది.

"చున్నీనే ఉండనియ్యి బిడ్డా," అంది ఆమె. "చున్నీలు మస్తుంటయి."

సైదులు తల ఊపాడు. కానీ కౌంటర్ వైపు తిరిగి వెళ్తూ నవ్వు ఆపుకోవడం సువార్త చూసింది. సువార్త పెదవి కొరుక్కోవడం అతను చూశాడు. జానమ్మ మాత్రం పైన తిరిగే ఫ్యాను ఊడి పడదు కదా అని దాన్నే చూస్తోంది.

అది తొంభై తొమ్మిది జూన్. నల్లగొండలో గడియారం సెంటర్ దగ్గర కింద లియాఖత్ అలీ ఎస్టీడీ బూత్, ఇరుకు మెట్లెక్కితే పైన ఆయనదే నెట్ సెంటర్. రెండింటికీ ఒకటే టెలిఫోన్ లైను. కింద ఎవరైనా రిసీవర్ ఎత్తితే పైన నెట్ తెగిపోతుంది. ఆయన కిందనుంచి "ఫోన్ జేస్తున్నం భాయ్" అని కేకేస్తే పైన వాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి.

సువార్త డిగ్రీ అయిపోయింది. బెంగుళూరు దగ్గర ఒక మిషన్ దవాఖానలో ఏడాది ల్యాబ్ కోర్సుకు పరీక్ష రాసింది. మొదటి లిస్టులో పేరు రాలేదు. రెండో లిస్టు జూలైలో ఒక సోమవారం ఇంటర్నెట్‌లో పెడతారు. అందులో పేరున్న వాళ్ళు ఆ సాయంత్రం అయిదులోపు ఫోన్ చేసి వస్తామని చెప్పాలి. చెప్పకపోతే సీటు తర్వాతి వాళ్ళకు పోతుంది. ఆ లిస్టు పెట్టే పేజీ అడ్రసు మూరెడు పొడుగు ఉంటుంది. కాలేజీ సారు ఫోన్‌లో చెప్తే కాగితం మీద రాసుకుని తెచ్చింది. గీతలూ చుక్కలూ తప్పుతూ, మళ్ళీ కొడుతూ, ఒక గంటసేపు కూర్చుని సైదులే దాన్ని తెరిచాడు. ఇక ప్రతిసారీ కొట్టే పని లేకుండా ఫేవరెట్స్‌లో దాచాడు. ఒక్క నొక్కుతో తెరుచుకుంటుందని చూపించాడు. సువార్త ఆ సంతోషంలో కాగితం చించి పారేసింది.

జానమ్మ బాలికల హాస్టల్లో వంట చేస్తుంది. మధ్యాహ్నం వంట అయ్యాక సాయంత్రం దాకా తీరిక. ఆ తీరికలో కూతురి వెంట నెట్ సెంటర్‌కు కాపలా వచ్చేది. మనిషిని భయం ఎలా పడుతుందో ఆమెకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. కూతురు పది నిమిషాలు ఆలస్యమైతే ఆమె కళ్ళ ముందు బస్సు బోల్తా పడేది. భర్త ఇస్రాయేలు పశువుల దవాఖానలో అటెండరు. ఆయన తుమ్మితే ఆమె దుప్పట్లు వెతికేది. ఇప్పుడు ఈ నెట్. లోపలికి పోయిన పిల్ల మనసు మళ్ళీ బయటికి వస్తుందో రాదో అని ఆమె ఫికరు.

కాబట్టి స్టూలు వేసుకుని మూడో నంబరు కంప్యూటర్ వెనక కూర్చునేది. కళ్ళు ఆర్పేది కాదు.

వారం తిరిగేసరికి ఆమె కొన్ని సంగతులు గమనించింది. స్టూలు కాలు ఊగేది. ఒక రోజు వచ్చేసరికి ఊగడం లేదు, ఎవరో మేకు కొట్టారు. ఫ్యాను గాలి సూటిగా మొహాన కొట్టి ఆమెకు తల పట్టేసేది. ఇంకో రోజు స్టూలు గోడ వారకు జరిగి ఉంది. మంచినీళ్ళ సీసా పక్కనే కొత్త గ్లాసు వచ్చింది. లియాఖత్ అలీ మంచి మనిషి అనుకుంది జానమ్మ.

కూతురిలో మాత్రం ఏ తేడా కనిపించలేదు. సువార్త సైదులుతో మాట్లాడదు. సైదులు సువార్త వైపు చూడడు. వచ్చి కూర్చోవడం, ఆ ఎడమ పక్క వరుసను తెరవడం, కాసేపు చూసి చిన్నగా నవ్వుకోవడం, టకటకా ఏదో కొట్టడం, లేవడం. లిస్టు ఇంకా పడలేదు కదా, నవ్వెందుకని జానమ్మ ఒకసారి అడిగింది. ఏదో జోకు పేజీ అని చెప్పింది కూతురు.

జానమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు పెద్ద అక్షరాలు వచ్చు, వాటిని కలిపి చదవడం రాదు. రోజూ గంటసేపు ఆ తెరనే చూస్తూ కూర్చుంటే మనిషికి ఏం తోస్తుంది? ఒక్కొక్క అక్షరం కూడబలుక్కోవడం మొదలుపెట్టింది. మొదట పచ్చ అని వచ్చింది. రెండు రోజులకు చున్నీ అని వచ్చింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు దాక్కుని ఉందని తెలిసి ఆమెకు తమాషాగా అనిపించింది. ఎవరికీ చెప్పకుండా లోలోపల మురిసిపోయింది.

జూలైలో ఆ సోమవారానికి ముందు శుక్రవారం. బయట ముసురు పట్టింది. సువార్త ఫోల్డరు తెరిచింది. కింద బారుగా పేర్లు. జానమ్మ కళ్ళు చిట్లించి పైనుంచి రెండోది మొదలుపెట్టింది. వి, రెండు ఏలు, ఎన్, ఏ.

వాన.

తర్వాతి మాట, వస్తది. ఆ తర్వాత, గొడుగు.

ఆమె మెల్లగా ముందుకు వంగింది. ఇంకో వరుస కూడబలుక్కుంది. తిన్నరా. దాని కింద, ఇంకా లేదు, మీరు పోయినంక తింట.

పేజీని దాచుకునేటప్పుడు దానికి ఏ పేరంటే ఆ పేరు పెట్టుకోవచ్చు. ఆ సంగతి జానమ్మకు తెలియదు. వాతావరణం చూపించే ఒక్క పేజీనే ఈ ఇద్దరూ నెల రోజులుగా రోజుకో పేరుతో దాచుకుంటున్నారని అంతకన్నా తెలియదు. ఆమెకు తెలిసిందల్లా ఒక్కటే. తన కళ్ళెదుట, తన ముక్కు కింద, మేకు కొట్టిన స్టూలు మీద తను నిటారుగా కూర్చుని ఉండగానే ఉత్తరాలు నడిచాయి. వాటిని ఆ కంప్యూటర్ ముందు కూర్చున్న ఎవరైనా చదువుకోవచ్చు. క్రికెట్ సారు చదవచ్చు. దుబాయ్ మామ చదవచ్చు. ఈ పాటికి ఊరంతా చదివేసే ఉంటుంది.

ఆ రాత్రి ఆమెకు అన్నం దిగలేదు. కూతురిని అడిగితే ఏడుస్తుంది. ఏడ్చి ఎటైనా పోతే? భర్తకు చెప్తే కొడతాడేమో అనుకుంది. ఇస్రాయేలు జన్మలో దూడను కూడా కొట్టలేదు, అయినా అనుకుంది.

తెల్లవారి శనివారం హాస్టల్ వంట కాగానే ఒక్కతే మెట్లెక్కింది. సైదులు ఒక్కడే ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. వెనక సువార్త లేదని చూసి అతని మొహం పాలిపోయింది.

"సువార్తకు ఏమన్న అయిందా అమ్మా?" అన్నాడు.

ఆ ప్రశ్న ఆమెకు తర్వాత ఎన్నో సార్లు గుర్తొచ్చింది. ఆ క్షణాన మాత్రం చెవికి ఎక్కలేదు. పచ్చ చున్నీ అని ఉన్నదంతా తన కళ్ళ ముందే తీసెయ్యాలని చెప్పింది. ఒక్క అక్షరం మిగలకూడదంది. అందులో లిస్టు పేజీ ఉందని అతను చెప్పబోయాడు. ఆమె వినలేదు. ఆడపిల్ల తల్లిని, నా గోస నీకేం తెలుసు అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పెద్ద మనిషి కళ్ళల్లో నీళ్ళు చూసి సైదులు మూడో నంబరు ముందు కూర్చున్నాడు. ఫోల్డరు తీసేశాడు. చెత్తబుట్ట బొమ్మను కూడా ఖాళీ చేసి చూపించాడు.

జానమ్మ మెట్లు దిగుతుంటే బరువు దిగినట్టు అనిపించింది. ఆదివారం చర్చిలో దేవునికి కృతజ్ఞత చెప్పుకుంది.

సోమవారం మూడింటికి ఇద్దరూ వచ్చారు. నాలుగింటికి కరెంటు కోత. ఆలోపు లిస్టు చూసుకోవాలి. సువార్త కూర్చుని ఎడమ పక్క వరుస తెరిచింది. క్రికెట్ సార్. దుబాయ్ మామ. లా చదివే అన్న. అంతే.

మళ్ళీ మూసి తెరిచింది. పక్క కంప్యూటర్‌లో చూసింది. తర్వాత చాలా మెల్లగా లేచి కౌంటర్ దగ్గరకు వెళ్ళింది.

"నాదేది?"

సైదులు ఆమె వెనకున్న జానమ్మను ఒక్క రెప్పపాటు చూశాడు. ఫోల్డరుతో పాటు పోయిందేమిటో జానమ్మకు అప్పుడు అర్థమైంది.

"నా చెయ్యి తగిలి పోయింది," అన్నాడతను. "తప్పు నాదే."

"తగిలి పోయిందా? మీ మీద నమ్మకంతోని కాయిదం చింపేసిన గద."

"అడ్రసు దొరుకుతది. జర ఆగుండ్రి."

సైదులు చెయ్యి బల్ల కిందకు పోయింది. అతను మళ్ళీ జానమ్మను చూసేసరికి అది అక్కడే ఆగిపోయింది. సువార్త అది గమనించలేదు. కాలేజీ సారుకు ఫోన్ చేసి మళ్ళీ అడ్రసు అడుగుతానని కళ్ళు తుడుచుకుంటూ మెట్లు దిగిపోయింది.

గోడ గడియారంలో మూడూ పది. జానమ్మ స్టూలు మీద కూలబడింది. బెంగుళూరు వద్దని నెల రోజులుగా ప్రార్థన చేసింది తనే. అంత దూరం, రైలు, ఎవరో భాష, ఏ నీళ్ళో. ఇప్పుడు ఆ సీటు తన చేతులతోనే పోతోంది. బిడ్డ పేరు లిస్టులో ఉండి, చూసుకోలేక పోగొట్టుకుంటే బతికినన్నాళ్ళూ తన మొహం ఎలా చూస్తుంది?

"నా పేరు ఎందుకు చెప్పలే పిలగా?" అని అడిగింది.

సైదులు తల దించుకున్నాడు. "మీరు భయంతోని చెప్పిండ్రు. భయపడ్డోళ్ళను పట్టియ్యబుద్ధి కాదమ్మా."

తర్వాత బల్ల కింది నుంచి ఒక అట్ట పుస్తకం తీశాడు. ఆ కంప్యూటర్ మీద తనకు నమ్మకం లేదనీ, ఎప్పుడు కరెంటు పోతుందో, ఎప్పుడు అది పాడవుతుందో తెలియదనీ, అందుకే రోజూ మూసే ముందు అందరి ఫేవరెట్లూ చేత్తో రాసుకుంటాననీ చెప్పాడు. మనిషికో పేజీ. ఈ సంగతి తెలిస్తే నవ్వుతారని ఎవరికీ చూపించలేదట. సువార్తకు మొదట్లోనే చెప్తే బాగుండేదట, సిగ్గుపడ్డాడట.

"పచ్చ చున్నీ పేజీల మొదటి వరుసే అడ్రసు. అమ్మా, కింద ఉన్నయి జర చదువకుండ్రి."

చదవకు అన్నాక చదవని తల్లి ఎక్కడుంటుంది? పైగా తెలుగులో రాశాడు, గుండ్రటి అక్షరాలు.

"వాన వస్తది, గొడుగు తెచ్చుకోండ్రి."

"మీ అమ్మ స్టూలు కాలు ఊగుతాంది. మేకు కొట్టిచ్చిన."

"అమ్మకు ఫ్యాను గాలి పడదు."

"మెట్ల మీద నాచు పట్టింది. అమ్మను గోడ పట్టుకొని దిగమనుండ్రి."

"పచ్చ చున్నీ చిరిగింది. ఇప్పుడేం చేస్తరు?" దాని కింద, "పేరు మారదు."

"అమ్మకు ఎట్ల చెప్పాలె?" ఇది సువార్త మాట. దాని కింద అతనిది. "ఆమె భయపడకుంట చెప్పాలె. ఆమె వద్దంటే ఇక్కడికే ఆపుదాం. ఆమె భయపడితే నాకు భయమైతది."

జానమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి చదివింది. ప్రేమ అన్న మాట ఎక్కడా లేదు. ఉన్నదంతా వాన, నాచు, మేకు, కరెంటు. ఇరవై రెండేళ్ళుగా ఇంట్లో తనొక్కతే పడుతున్న భయాలను ఎవరో వరుసగా, పొందికగా రాసి పెట్టినట్టుంది.

"మీ అమ్మ ఎవరు?" అంది హఠాత్తుగా.

నకిరేకల్‌లో ఉంటుందనీ, పేరు ఈదమ్మ అనీ, నాట్లకు పోతుందనీ అతను చెప్పాడు. చిన్నప్పుడు తను బతకడని దర్గాకు మొక్కి సైదులు అని పేరు పెట్టిందట. ఇప్పటికీ తను రాత్రి బస్సు ఎక్కితే నిద్రపోదట.

జానమ్మ నిట్టూర్చింది. తనలాంటి ఇంకో ఆడమనిషి.

"ఏం చూస్తున్నవ్? కొట్టు అడ్రసు," అంది. కిటికీలోంచి వంగి, ఫోన్ పెట్టెయ్యమనీ, పైకి రమ్మనీ కూతురిని పిలిచింది.

సువార్త వచ్చేసరికి సైదులు కొడుతున్నాడు, జానమ్మ పుస్తకం పట్టుకుని ఒక్కో అక్షరం చదివి చెప్తోంది. సువార్తకు ఇదేమిటో అర్థం కాలేదు. తల్లి చేతిలోని పేజీ చూసింది. ఏదో అనబోయి ఆగి చున్నీ కొస నోట్లో పెట్టుకుంది.

"తీసేపిచ్చింది నేనే బిడ్డా," అంది జానమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "గీ పిలగానిది తప్పేం లేదు. తర్వాత కొట్లాడుదువు."

నెట్ కలిసే చప్పుడు గీరుగీరుమంది. ఒకసారి తెగింది. సైదులు మెట్ల దగ్గరకు ఉరికి, పావుగంట ఎవరినీ ఫోన్ ముట్టనివ్వొద్దని లియాఖత్ అలీని బతిమాలాడు. ఆయన రిసీవర్ మీద చెయ్యి పెట్టుకుని, నేనుంట పోరా అన్నాడట. మళ్ళీ కలిసింది. పేజీ పైనుంచి కిందకు ఒక్కో గీతగా దిగుతోంది. మూడూ నలభై ఎనిమిది. ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఎవరు ఎక్కువ భయపడుతున్నారో చెప్పడం కష్టం.

పదకొండో పేరు దగ్గర సువార్త వేలు ఆగింది.

జానమ్మ కూడా కూడబలుక్కుంది. ఎస్, యు, వి. చాలు, మిగతాది కళ్ళలో నీళ్ళకు కనబడలేదు.

సువార్త కిందకు పరుగెత్తి ఫోన్ చేసింది. నాలుగింటికి కరెంటు పోయేసరికి బెంగుళూరు వాళ్ళు ఆమె పేరు రాసుకున్నారు. పై గదిలో చీకట్లో జానమ్మ, సైదులు ఎదురెదురుగా కూర్చున్నారు. కింద నుంచి సువార్త నవ్వు వినిపించింది. అప్పుడు ఇద్దరూ ఒకేసారి గాలి వదిలారు. ఆ చప్పుడు విని ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఇంటికొచ్చాక జానమ్మ భర్తకు అన్నీ చెప్పింది. మన చర్చి కాదు కదా అంది. నలుగురు ఏమంటారో అంది. ఈదమ్మ ఒప్పుకోకపోతే ఎట్లా అంది. ఇస్రాయేలు అన్నం తినడం పూర్తి చేసి, పోయిన నెల వాన రోజున తాము చర్చిలో ఉన్నంతసేపూ గేటు బయట గొడుగు పట్టుకుని నిలబడ్డ పిల్లవాడు వాడేనా అని అడిగాడు. ఆయన అప్పుడే చూశాడు. చెప్తే ఆమె భయపడుతుందని చెప్పలేదు.

ఆ తర్వాతి ఆదివారం ఈదమ్మ వాళ్ళ ఇంటికి వచ్చింది. వచ్చీ రాగానే మీ మెట్లు జారుతున్నాయి, పిల్ల పడుతుంది అంది. జానమ్మకు ఇక అడగాల్సింది ఏమీ మిగల్లేదు. కోర్సు అయిపోయి సువార్త తిరిగి వచ్చాక పెళ్ళి అని మాట అనుకున్నారు. చర్చిలో ప్రార్థన జరుగుతుంది, దర్గాకు పోయి మొక్కు కూడా తీర్చుకుంటారు.

సువార్త రైలెక్కే ముందు రోజు ముగ్గురూ నెట్ సెంటర్‌లో ఉన్నారు. బెంగుళూరులో దవాఖాన హాస్టల్‌లో ఏ కంప్యూటర్ దొరికినా అందులో ఏమేం దాచుకోవాలో సైదులు అట్ట పుస్తకంలోంచి కాగితం మీద ఎత్తి రాస్తున్నాడు. రైళ్ళ టైములు, అక్కడి వాతావరణం, ఉత్తరాలు పంపుకునే పేజీ. చేతిరాతతో ఒకటి, దానికి నకలు ఇంకొకటి, పోతుందేమోనని మూడోది.

"రెండు చాలు," అంది సువార్త. "నేను పోతున్నది బెంగుళూరు, చంద్రుని మీదికి కాదు."

"మూడు రాయనియ్యి," అంది జానమ్మ.

ఆ పని అయ్యాక ఆమె స్టూలు జరుపుకుని మూడో నంబరు తెర ముందు కూర్చుంది.

"మళ్ళ పెట్టు పిలగా, నా బిడ్డది. తీసేపిచ్చిన గద."

సైదులు కొత్త ఫోల్డరు చేశాడు. పచ్చ అని కొట్టాడో లేదో ఆమె అతని చెయ్యి పట్టుకుంది.

"గా పేరు కాదు. పేరు పెట్టు. సువార్త. ఎస్ తోని మొదలువెట్టు, నాకు చదువొస్తది."

సైదులు వేళ్ళు గాలిలో ఆగాయి. నలుగురూ కూర్చునే కంప్యూటర్ కదా అన్నాడు. ఎవరైనా చూస్తారేమో అన్నాడు. అతని మొహంలో ఆ బెంగ చూసి జానమ్మకు తన మొహమే అద్దంలో చూసుకున్నట్టు ఉంది.

"చూడనియ్యి," అంది.